నాలుగు మిల్లీమీటర్లకు ఒక అడుగు

ఇంగ్లండులో ఓ మోస్తరు పట్టణం ఏదైనా సరే, వెతికితే ఒక మోడల్ రైల్వే క్లబ్బు కనిపిస్తుంది. లండన్‌లో కింగ్స్ క్రాస్ స్టేషన్‌కి దగ్గర్లో ఉన్నదాన్ని 1910లో పెట్టారు, ఇంకా నడుస్తోంది. యార్క్‌షైర్‌లోని మా ఊరి క్లబ్బుకి అంత చరిత్ర లేదు. మెథడిస్టు చర్చి వెనకాల ఉన్న హాల్లో గురువారం సాయంత్రాలు కలుస్తాం. రిటైరైన సిగ్నల్‌మన్ ఒకాయన, బడిలో డ్రాయింగు నేర్పిన టీచరమ్మ ఒకావిడ, ఒక ప్లంబరు, ఒక నర్సు, ఇంకా మీసాలు రాని కుర్రాడొకడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నేను. తెలుగు సంఘం ఉగాదికీ దీపావళికీ వెళ్తాను, అక్కడి ఆప్యాయత వేరు. కానీ ఈ దేశపు మనుషులతో నాకు కుదిరిన గట్టి స్నేహాలన్నీ ఆ హాల్లోనే కుదిరాయి.

అక్కడి కబుర్లు ఎలా సాగుతాయో చెప్పాలి. పట్టాల మధ్య కంకర వేయడమనే పని ఒకటుంది. ఆవగింజలంత రాళ్లపొడిని స్లీపర్ల మధ్య పోసి, మెత్తటి బ్రష్షుతో సర్దాలి. పట్టా పైన ఒక్క రవ్వ కూడా మిగలకూడదు, మిగిలితే బండి అక్కడే తూలుతుంది. ఆ తర్వాత గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క కలిపిన నీళ్లు చిలకరించి, పల్చగా కలిపిన తెల్ల జిగురును చుక్కలు చుక్కలుగా వదలాలి. సబ్బు లేకపోతే నీళ్లు రాళ్ల మీద ముత్యాల్లా నిలబడిపోతాయి, లోపలికి దిగవు. మీటరు పొడవుకి ఒక సాయంత్రం పడుతుంది. ఆ పనికి చేతులు కావాలి, కళ్లు కావాలి, నోటితో మాత్రం పని లేదు. అందుకని మాటలు వస్తాయి.

ఇంగ్లీషువాళ్లు ఎదురుపడితే వాతావరణం దాటి మాట్లాడరని మనవాళ్లం అనుకుంటాం. ఎదురుపడితే నిజమే. పక్కపక్కన కూర్చుని ఒకే పని మీద తల వంచినప్పుడు మాత్రం వాళ్లు వేరే మనుషులు. నా భార్యకి ఈమధ్య పేర్లు గుర్తుండటం లేదు అని ఒకాయన కంకర సర్దుతూనే అంటాడు. ఎవరూ తలెత్తి చూడరు. నర్సు ఒక ప్రశ్న అడుగుతుంది, ఆయన జవాబు చెబుతాడు. కాసేపు మౌనం. ప్లంబరు జిగురు సీసా ఆయన వైపు జరుపుతాడు. మా అమ్మమ్మ గారి అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ ఆడవాళ్లు చెప్పుకునే మాటలకీ ఇదే ఒడుపు. మనసులో బరువున్నవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పలేరు, చేతికి పనిస్తే చెబుతారు. పెద్దవాళ్లని పరాయి దేశానికి తెచ్చుకుని గదిలో టీవీ ముందు కూర్చోబెట్టే మన ఇళ్లన్నీ ఇది పట్టించుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

టీ వేళకి మాత్రం వాదాలు మొదలవుతాయి. అన్నిటికంటే పాత వాదం కరెంటుది. పాత పద్ధతిలో పట్టాల్లోకి పంపే వోల్టేజి పెంచితే బండి వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ఆ పట్టా మీద రెండు ఇంజన్లుంటే రెండూ కదులుతాయి కాబట్టి పట్టాలను ముక్కలుగా విడగొట్టి స్విచ్చులు పెట్టుకోవాలి. కొత్త డిజిటల్ పద్ధతిలో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఒక్కో ఇంజను కడుపులో ఒక చిప్పు, దానికో నంబరు. ఆ నంబరుకి ఆజ్ఞ పంపితే ఆ ఇంజను ఒక్కటే కదులుతుంది, కూత వేస్తుంది, దీపం వెలిగిస్తుంది. కుర్రాడు ఫోన్లోంచే మూడు బళ్లు నడుపుతాడు. సిగ్నల్‌మన్ గారు అది చూడనే చూడరు. ఆయన లెక్కలో పక్క సిగ్నల్ కేబిన్‌ని గంట కొట్టి అడగకుండా బండి పంపడం తప్పు. నాలుగు దెబ్బలు కొడితే ‘ఎక్స్‌ప్రెస్ వస్తోంది, లైన్ క్లియరేనా?’ అని. రెండు కొడితే బండి మా దగ్గర బయల్దేరిందని. రెండు, కాస్త ఆగి ఒకటి కొడితే బండి దాటిపోయింది, లైను ఖాళీ అని. ఎగ్జిబిషన్లలో ఆయనా టీచరమ్మా చెరో చివర కూర్చుని, మాటల్లేకుండా ఈ గంటలతోనే రోజంతా బళ్లు నడుపుతారు. అంత చక్కటి సంభాషణ నేను తక్కువగా విన్నాను.

ఇక కొలతలు. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడేది ‘డబుల్ ఓ’. అసలు అడుగుకి ఇక్కడ 4 మిల్లీమీటర్లు, అంటే సుమారు 76లో ఒక వంతు. అయితే దాని పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు మాత్రమే. లెక్క ప్రకారం 18.83 ఉండాలి. ఐరోపా ఖండంలో అడుగుకి మూడున్నర మిల్లీమీటర్ల లెక్కన తయారైన పట్టాలవి. బ్రిటిష్ ఇంజన్లు అసలే సన్నం. అంత చిన్న కొలతలో చేస్తే ఆనాటి మోటార్లు లోపల పట్టలేదు. అందుకని బండిని పెద్దది చేసి పట్టాలను అలాగే వదిలేశారు. ఈ తేడా భరించలేక పట్టాలన్నీ సొంతంగా చేసుకునేవాళ్లు కొందరున్నారు. ఏమీ పట్టించుకోకుండా ‘నా రైల్వే, నా ఇష్టం’ అనే మొదటి సూత్రం చెప్పేవాళ్లు ఎక్కువమంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర బిస్కట్లు పంచుకుంటారు.

మా క్లబ్బు ప్రస్తుతం చేస్తున్నది స్టెయిత్స్. యార్క్‌షైర్ సముద్రతీరంలో జాలర్ల ఊరు. విట్బీ నుంచి తీరం వెంబడి ఉత్తరంగా పోయే రైలు మార్గం 1883లో తెరిచారు. అక్కడ లోయ మీద ఎత్తైన ఇనుప వంతెన. దానికి నాలుగేళ్ల ముందే స్కాట్లండ్‌లో టే నది వంతెన గాలివానకు రైలుతో సహా కూలిపోయింది. ఆ భయంతో స్టెయిత్స్ వంతెన మీద గాలి జోరు కొలిచే పరికరం పెట్టి, జోరు హద్దు దాటితే కేబిన్‌లో గంట మోగేలా అమర్చారు. 1958లో ఆ మార్గం మూసేశారు, 1960లో వంతెన విప్పేశారు. మరో మూడేళ్లకు బ్రిటిష్ రైల్వే అధిపతి డాక్టర్ బీచింగ్ నివేదిక వచ్చి, దేశం మొత్తమ్మీద 2,363 స్టేషన్లు మూసెయ్యమంది. ఈ దేశంలో మోడళ్లు చేసేవాళ్లలో అంతమంది 1950ల నాటి పల్లె స్టేషన్లనే ఎందుకు చేస్తారో అది చదివాక నాకు అర్థమైంది.

లేని వంతెనను మళ్లీ ఎలా కడుతున్నాం? మైలుకి 25 అంగుళాల లెక్కన గీసిన ఆర్డ్నెన్స్ సర్వే పటాలున్నాయి, స్టేషన్ ఆవరణలో ఏ గది ఎక్కడుందో వాటిలో తెలుస్తుంది. యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో పాత రైల్వే కంపెనీల డ్రాయింగులు భద్రంగా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా మామూలు మనుషులు తీసిన ఫొటోలున్నాయి. సెలవు రోజున సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, బాక్సు కెమెరాతో గూడ్సు షెడ్డు గోడని ఫొటో తీసిన మనిషిని చూసి ఆనాడు ఎంతమంది నవ్వి ఉంటారో. ఇవాళ ఆ గోడకి ఉన్న ఆధారం ఆ ఫొటో ఒక్కటే. ఎగ్జిబిషన్‌లో ఒక ముసలావిడ చాలాసేపు నిలబడి చూసి, ‘నేను ఇక్కణ్ణుంచే బడికి వెళ్లేదాన్ని, బెంచీ ఆ పక్కన ఉండేది’ అన్నారు. ఆ సాయంత్రమే బెంచీ జరిపాం. కుర్రాడు చిన్న సర్క్యూటు అమర్చాడు, చూడ్డానికొచ్చిన పిల్లలు వంతెన మీద ఊదితే గంట మోగుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది, బండి ఆగుతుంది.

మోడల్‌గా నువ్వేం చేస్తావు అని క్లబ్బులో నన్ను అడిగినప్పుడు మరో ఆలోచన లేకుండా గోదావరి అన్నాను. రాజమండ్రి దగ్గర 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెన, 1997లో రైళ్లు ఆపేసినది. 56 ఖానాలు, ఒక్కోటి 150 అడుగులు. సిగ్నల్‌మన్ గారు కవరు వెనక లెక్క వేశారు. ఒక్క ఖానా 60 సెంటీమీటర్లు. మొత్తం వంతెన దాదాపు 34 మీటర్లు, మా హాలు గోడ బద్దలుకొట్టి రోడ్డు దాటి వెళ్లాలి. కానీ మేం వాడే చెక్క బల్ల పొడవు నాలుగడుగులు, అంటే సరిగ్గా రెండు ఖానాలు పట్టే పొడవు. రెండు ఖానాలు చాలు అని నిశ్చయించుకున్నాం. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు, ఈ కొలతలో 22. ఆ వెడల్పు పట్టాలు కొట్లో దొరకవు. రాగి రేకు అతికిన స్లీపర్ల మీద పట్టాలు ఒక్కొక్కటిగా టంకం వేస్తున్నాం. జీవితమంతా రాగి గొట్టాలు అతికిన ప్లంబరు చెయ్యి అక్కడ ఉపయోగపడుతోంది. రెక్క కిందికి వాలితే దారి ఇచ్చినట్టు ఉండే మన పాత సిగ్నళ్లకి మాత్రం వెతుక్కోనక్కర్లేకపోయింది. ఇక్కడి గ్రేట్ వెస్టర్న్ రైల్వే సిగ్నళ్లూ అలాగే వాలేవి, వాటి కిట్లు దొరుకుతాయి.

మన ఒంటి లైన్ల మీద బండి వెళ్లడానికి అనుమతిగా ఇచ్చే టోకెన్ అంటే ఒకప్పుడు ఒక ఉక్కు గుండు, దాన్ని తోలు సంచిలో పెట్టి పెద్ద రింగుకి కట్టి, నడుస్తున్న బండిలోని డ్రైవర్‌కి అందించేవారని చెప్పినప్పుడు సిగ్నల్‌మన్ గారు టీ పక్కన పెట్టి ఆసక్తిగా విన్నారు. ఆయన చేతుల మీదుగా పోయినవి తాళంచెవి ఆకారంలో ఉండేవట. టీచరమ్మని పట్టుకున్నది వేరే సంగతి. వంతెన మీద జనం గోదారమ్మకి చిల్లర వేస్తారని చెప్పాను. ఈ కొలతలో మనిషి 22 మిల్లీమీటర్లు. ఆవిడ భూతద్దం పెట్టుకుని, బోగీ కిటికీ ఊచల్లోంచి బయటికి చాచిన చెయ్యి ఒకటి చేశారు. గాజులు కూడా వేశారు, ఆకుపచ్చవి.

వంతెన ఇవతల స్టేషన్ కావాలి కదా. అక్కడ ఆగిపోయాం. నిడదవోలు నుంచి తణుకు, అత్తిలి మీదుగా భీమవరం పోయే లైన్లో నా చిన్నప్పుడు చూసిన లాంటి స్టేషన్ ఒకటి పెడదామనుకున్నాను. స్టెయిత్స్ గూడ్సు షెడ్డుకి దొరికిన ఆధారాల్లో పదో వంతు కూడా నాకు దొరకలేదు. మా ఇంటి ఆల్బమ్‌లో స్టేషన్ ఫొటోలు లేకపోలేదు. అన్నిట్లోనూ గోడకి అడ్డంగా మేమే నిలబడి ఉన్నాం. చివరికి రైల్వేలోనే పనిచేసి రిటైరైన బాబాయికి ఫోన్ చేశాను.

“బాబాయ్, మన స్టేషన్ ప్లాట్‌ఫారం ఎత్తెంత ఉండేది?”

“ఇప్పుడున్నదా, పాతదా?”

“పాతది.”

“అదేం ఎత్తే అమ్మాయ్! రెండు వరసలు ఇటుక పేర్చినట్టుండేది. మీ నాయనమ్మని బండెక్కించాలంటే ఒకళ్లు పైనుంచి లాగాలి, ఒకళ్లు కిందనుంచి ఎత్తాలి. గుర్తులేదూ?”

అక్కణ్ణుంచి గంటసేపు చెబుతూనే ఉన్నారు. గంటకి బదులు వేలాడదీసిన పట్టా ముక్క, ఎర్ర బకెట్లలో ఇసక, టికెట్ కిటికీ కింద అరిగి గుంటపడిన సిమెంటు. రెండ్రోజుల తర్వాత మనవణ్ణి వెంటబెట్టుకుని, స్టేషన్ మాస్టారు గారికి చెప్పి, టేపు పట్టుకుని వెళ్లారట. మిగిలిన పాత గోడకి కొలతలు తీసి కాగితం మీద రాసి ఫొటో పంపారు. కొలిచిన అంకెలు నీలం సిరాతో, గుర్తు మీద రాసినవి ఎర్ర సిరాతో. ‘ఎర్రవి నమ్మకు, ఇంకెవరినన్నా అడుగు’ అని కింద రాశారు. ఆ కాగితాన్ని క్లబ్బులో అందరికీ చూపించాను. ఇంతకంటే నిజాయితీ ఉన్న డ్రాయింగు తాను చూడలేదన్నారు సిగ్నల్‌మన్ గారు.

మన స్టేషన్లు ఇప్పుడు వేగంగా మారుతున్నాయి. 2023 ఆగస్టు 6న దేశవ్యాప్తంగా 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వి 18, తెలంగాణవి 21. సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖద్వారాన్ని 2025లో కూల్చారు. కొత్తవి కట్టాలి, లిఫ్టులు రావాలి, మా నాయనమ్మలాంటివాళ్లు ఎవరి సాయం లేకుండా బండెక్కాలి. అందులో నాకు రెండో మాట లేదు. పాతదాన్ని కొలవకుండా పోగొట్టుకోవడమే నష్టం. పెద్ద స్టేషన్లకి ఫొటోలైనా మిగులుతాయి. రోజుకి రెండు పాసింజర్లు ఆగే స్టేషన్‌కి ఎవరున్నారు?

అందుకని చదువుతున్న మీకు ఒక విన్నపం. మీ ఊరి స్టేషన్‌కి పాత గోడలు ఇంకా ఉంటే, ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని, మాస్టారు గారి అనుమతి అడిగి వెళ్లండి. పట్టాల మీదకి దిగొద్దు. గోడకి సరిగ్గా ఎదురుగా నిలబడి ఫొటో తీయండి, పక్కన మీటరు కర్ర పట్టుకుని ఒకరిని నిలబెట్టండి. ఆ కర్ర ఉంటే మిగతా కొలతలన్నీ ఫొటోలోంచే తీయొచ్చు. తలుపు వెడల్పు, కిటికీ ఎత్తు రాసుకోండి. గోడ రంగేమిటో, తేదీ ఏమిటో రాయండి. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లు ఊళ్లో ఉంటే వాళ్లనీ వెంట తీసుకెళ్లండి, వాళ్లు చెప్పింది వేరే సిరాతో రాయండి.