ప్రోగ్రాము వ్రాయుటకు దగిన అక్షరములు

మంచి దస్తూరి విద్యార్థికి భూషణమని పెద్దలందురు. కంప్యూటరుపై ప్రోగ్రాము వ్రాయువారికి దస్తూరితో పని లేదు. యంత్రమే అక్షరములను దీర్చి చూపును. అయినను ఏ ఫాంటులో చూపవలెనను నిర్ణయము మాత్రము మనదే. ఇది అల్పవిషయమని కొందరు తలతురు. తరగతిలో బాలబాలికల శ్రమను దినదినము కనిపెట్టుచుండు మేమట్లు తలపజాలము.

మా తరగతిలో నొక బాలిక పైథాన్ భాషలో పది పంక్తుల ప్రోగ్రాము వ్రాసినది. యంత్రము దాని నంగీకరింపలేదు. ఆమె అరగంట వెదకియు తప్పు కానక, తనకీ విద్య అబ్బదని కంట నీరు పెట్టుకొన్నది. మేము పరిశీలింపగా, ఒకటి అను అంకె యుండవలసిన చోట ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరము కానవచ్చినది. ఆ ఫాంటులో వాని రెండింటికిని భేదము వెండ్రుకవాసి మాత్రమే. అక్షరముల లోపమును తన బుద్ధిలోపమని ఆ బిడ్డ యెంచినది. మన లిపియందును ధకారము నడుమ చుక్క పెట్టిన థకారమగును. అచ్చులో ఆ చుక్క చెరిగినచో 'కథ' కాస్తా 'కధ' యగును. మనుష్యుడు సందర్భమును బట్టి సవరించి చదువుకొనును, యంత్రమట్లు చేయదు.

ఇక వెడల్పు సంగతి. సామాన్య గ్రంథములలో ఇంగ్లీషు ఐ అక్షరము ఇరుకుగను, ఎమ్ అక్షరము వెడల్పుగను ఉండును. సామాన్యమైన టైపురైటరులో ఏ మీట నొక్కినను కాగితము ఒకే దూరము జరిగెడిది. కావున దాని యక్షరములన్నియు సమానమైన వెడల్పుతో నేర్పడినవి. 1950ల దశకమున ఐ.బి.ఎం. టైపురైటర్లకై హొవార్డ్ కెట్లర్ రూపొందించిన కొరియర్ అట్టిదే. 1957లో వెలువడిన ఫోర్ట్రాన్ భాషలో, 80 నిలువు వరుసల కార్డుపై వాక్యమును 7వ వరుస మొదలు 72వ వరుస లోపల వ్రాయవలసియుండెను. 1991లో వెలువడిన పైథాన్‌లో పంక్తి యెంత లోపలికి జరిగియున్నదను దానిని బట్టియే అది యే భాగమునకు జెందునో యంత్రము గ్రహించును. వెడల్పులు సమానమైనచో ఆ వరుసలు నూలు పట్టినట్లు కంటికి దెలియును. గుణింతములు, వత్తులు గల మన తెలుగు అక్షరములు సమానమైన గళ్లలో నిముడవు. కావున తెలుగు వ్యాఖ్యలను పంక్తి చివర గాక, వేరు పంక్తిలో వ్రాయుట మేలు.

ఫాంటు నెన్నుకొనువారు మొదట ఒకటి అంకెను, చిన్న ఎల్‌ను, పెద్ద ఐని ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను. పిదప సున్నను, పెద్ద ఓను చూడవలెను. సున్నలో గీతయో చుక్కయో యున్న సందేహము తీరును. తరువాత కామాను, చుక్కను. గుండ్రని కుండలీకరణములను, మెలిక గలవానిని పోల్చవలెను. ఈ పరీక్షలో కొరియర్ న్యూ వెనుకబడును. కన్సోలాస్, డెజావూ సాన్స్ మోనో, అడోబీ వారు 2012లో వెలువరించిన సోర్స్ కోడ్ ప్రో, 2020 నాటి జెట్‌బ్రెయిన్స్ మోనో చక్కగా నిలుచును. కడపటి మూడును ఉచితముగా లభించును. పేద పాఠశాలకు నిది గొప్ప మేలు. జెట్‌బ్రెయిన్స్ మోనో రెండు మూడు గుర్తులను కలిపి యొకే గుర్తుగా జూపగలదు. అనుభవజ్ఞులకది యింపుగా నుండవచ్చును గాని, ఏ మీటలు నొక్కవలెనో యింకను నేర్చుకొనుచున్న పిల్లలకు తికమక కలిగించును. వారికి దానిని నిలిపివేయుట మంచిది.

మాకు నచ్చినది అందరి కన్నులకు నచ్చవలెనను నియమము లేదు. అందుచే ఏ ఫాంటునైనను కడపటి బల్లపై గూర్చున్న విద్యార్థిచే జదివించి చూచిన పిదపనే తరగతిలో నిలుపుచున్నాము. తల్లిదండ్రులకొక మనవి. మీ బిడ్డ తెరకు ముఖమానించి చదువుచున్నచో మందలింపకుడు. ముందు అక్షరములను పెద్దవి చేసి చూడుడు. అప్పటికిని వంగియే చదివినచో కంటి వైద్యునికి జూపుడు.