అవ్వ సైకిలు

డచ్చివాళ్లు ఆడవాళ్ల సైకిలును 'ఓమాఫీట్స్' అంటారు. అంటే అవ్వ సైకిలు. ముందు బార్ ఉండదు. బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి అడ్డు కట్టి ఉంటుంది. పెడలు వెనక్కి తొక్కితే బండి ఆగుతుంది. 2024 జూన్‌లో నెదర్లాండ్స్‌లోని మా అమ్మాయి ఇంటికి పోయినప్పుడు, వాకిట్లో ఆ సైకిలు చూడగానే చేతులు ఆగలేదు. నాకప్పటికి యాభై ఏడేళ్లు. సైకిలు దిగి నలభై నాలుగేళ్లు.

రేణిగుంటలో తొమ్మిదేళ్లప్పుడు మా నాయన సైకిలు మీద నేర్చుకున్నాను. సీటు అందదు కాబట్టి బార్ కిందుగా కాలు దూర్చి, ఒక పక్కకు ఒరిగి తొక్కేదాన్ని. రైల్వేగేటు దాకా, స్వర్ణముఖి ఇసక దాకా ఊరంతా నాదే. 1980లో పెద్దమనిషినయ్యాను. పదకొండో రోజు నీళ్లు పోసినాక సైకిలు ముట్టబోతే అవ్వ, "ఇంగ సైకిలెందుకు మే నీకు? యాడన్నా పడితే ఎవురు జవాబు?" అంది. నాయన ఏమీ మాట్లాడలేదు. మరుసటి రోజు నుంచి తమ్ముడు తొక్కాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అందుకే చాలా ఏళ్ల దాకా అది అన్యాయమని కూడా నాకు తోచలేదు.

కొన్ని రోజులు పార్కులో తొక్కి కాళ్లు కుదురుకున్నాక, ఒకరోజు ఒక్కదాన్నే దూరం పోతానన్నాను. "ఒక్కదానివే ఎందుకమ్మా? శనివారం అందరం పోదాం" అంది అమ్మాయి. అల్లుడు ఫోన్‌లో నేనెక్కడున్నానో వాళ్లకు కనబడే ఏర్పాటు చేశాడు. అక్కడ పొద్దున రద్దీ వేళల్లో రైల్లో సైకిలెక్కనివ్వరు. తొమ్మిది దాటాక సైకిలుకూ టికెట్టు కొని హోర్న్ ఊళ్లో దిగాను.

అక్కడి నుంచి ఎంఖాయిజెన్ దాకా పాత కరకట్ట. కుడివైపు నీళ్లు, ఎడమవైపు ఆ నీళ్లకంటే పల్లంలో ఇళ్లు, కట్టవాలున గొర్రెలు. దారి అడగడానికి మనిషి లేకపోయినా ఇబ్బంది లేదు. ప్రతి కూడలికీ ఒక అంకె. అంకెలు కాగితమ్మీద రాసుకుని వెతుక్కుంటూ పోవడమే. ఎంఖాయిజెన్ చిన్న రేవు. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో ఒకటి ఇక్కడుండేది. ఆ కంపెనీ 1613లో మా పక్కనున్న పులికాట్‌లో కోట కట్టి, మన బట్టలు ఓడలకెత్తుకుంది. రేవులో పాత గొప్పలు చెప్పే పలకలు చూశాను. ఆ బట్టలకు నూలు వడికిన ఆడవాళ్ల మాట నాకెక్కడా కనబడలేదు.

అసలు పరీక్ష ఆ తర్వాత. ఎంఖాయిజెన్ నుంచి లేలిస్టాడ్‌కు సముద్రంలాంటి సరస్సుకు అడ్డంగా ఇరవై ఆరు, ఇరవై ఏడు కిలోమీటర్ల కట్ట. 1976లో పూర్తయింది. నేను బార్ కింద కాలు దూర్చి నేర్చుకుంటున్న ఏడాది. నీడ లేదు, ఇల్లు లేదు, రెండువైపులా నీళ్లే. కుడిపక్క నుంచి నైరుతి గాలి. మా ఊళ్లో ఆషాఢంలో చెట్లు వంచే గాలే ఇది. ఇక్కడ నన్ను వంచుతోంది. సగం దూరంలో పిక్కలు పట్టేశాయి. దిగి గట్టున కూలబడ్డాను.

ఎందుకు పట్టాయో తెలుసు. పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదు. సీసా నిండుగానే ఉంది. దారిలో ఒంటేలుకు చోటుంటుందో లేదోనని. రేణిగుంట నుంచి బస్సుల్లో బడికి పోయి పాఠాలు చెప్పిన ముప్పై ఏళ్లూ నాది ఇదే లెక్క. ప్రయాణమంటే దాహం చంపుకోవడం. ఏడు సముద్రాలు దాటొచ్చినా ఆ లెక్క నాతోనే వచ్చింది. 1963లో ఐర్లండ్ నుంచి ఇండియాకు సైకిలు మీద ఒంటరిగా వచ్చిన డెర్వ్లా మర్ఫీ గురించి చదివినప్పుడు ఆమె ధైర్యమే చూశాను. ఇప్పుడు ఆమె దాహం గురించి ఆలోచించాను. సీసా సగం తాగాను.

అప్పుడు ఫోన్ మోగింది. "చుక్క కదలడం లేదు, ఏమైందమ్మా? ఎక్కడున్నావ్?" అమ్మాయి గొంతులో వణుకు. ఆ గొంతు నాకు తెలుసు. అది నాదే.

2005లో తను తొమ్మిదో తరగతి. సైకిలు మీద ట్యూషన్‌కు పోయేది. శ్రీకాళహస్తి రోడ్డులో లారీలు, వెంటపడే మగపిల్లలు. ఒకరోజు పావుగంట ఆలస్యమైంది. మర్నాడే సైకిలు అమ్మేశాను. "ఆటోలో పో" అన్నాను. పక్క రాష్ట్రం పుదుక్కోట్టైలో 1991 అక్షరాస్యతా ఉద్యమంలో వేలమంది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్న సంగతి క్లాసులో పిల్లలకు ఉత్సాహంగా చెప్పినదాన్నే. అవ్వ మాటను అవ్వ కంటే తియ్యగా అన్నానంతే. నా భయం అబద్ధం కాదు. కానీ ఆ భయానికి మూల్యం లారీలవాళ్లు కట్టలేదు, ఆ మగపిల్లలు కట్టలేదు. నా బిడ్డ కట్టింది.

"నీళ్ల మధ్యన కూచోనున్నాను. బాగున్నాను. నీ సైకిలు అమ్మేసింది తప్పే" అన్నాను. గాలిలో వినబడిందో లేదో. కాసేపు మాట లేదు. "చీకటి పడకముందే రా" అంది. అక్కడ జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

లేలిస్టాడ్ చేరేసరికి సాయంత్రం ఆరు. స్టేషన్ బయట అమ్మాయి తన సైకిలుతో నిలబడుంది. ఏమీ అడగలేదు. నా సీసా అందుకుని చూసి, ఖాళీగా ఉందని తన సీసా ఇచ్చింది.

రేణిగుంటకు తిరిగొచ్చాను. ఇక్కడ కట్ట లేదు, అంకెల దారి లేదు. లారీలు అప్పటికంటే ఎక్కువ. అయినా ఒక లేడీస్ సైకిలు కొన్నాను. తెల్లారకముందే రోడ్డెక్కుతాను. నీళ్లు తాగి మరీ.