స్టీరింగులో నాలుగు వేళ్ల ప్లే

ఆ రాత్రి మా చిన్నమ్మ బిడ్డకు నొప్పులు మొదలైతే జీపులో ఎక్కించుకుని ములుగు ఆస్పత్రికి బయలుదేరాను. తాడ్వాయి దాటి పస్రా వైపు వస్తుంటే రోడ్డు తిన్నగానే ఉంది, బండే తిన్నగా పోవడం లేదు. స్టీరింగు నాలుగు వేళ్ల మేర తిప్పితే గాని ముందు చక్రాలు కదలవు. ఎడమకు గుంజితే కుడికి తిప్పాలి, అంతలోనే అది కుడికి గుంజుతుంది. ఒక కల్వర్టు గోడను జానెడు ఎడంలో దాటాం. వెనక కూర్చున్న చిన్నమ్మ "తల్లీ సారలమ్మా" అని కళ్లు మూసుకుంది.

చెల్లెకు ఆడబిడ్డ పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. నేను మాత్రం తెల్లారేదాకా ఆస్పత్రి మెట్ల మీదే కూర్చున్నాను. జాతర ఇంకా నెలన్నర ఉంది. 2024 ఫిబ్రవరి 21 నుంచి నాలుగు రోజులు మేడారానికి మా చుట్టాలందరినీ ఈ జీపులోనే తిప్పాలి.

ఈ బండి మొదట్నుంచీ ఇట్లా లేదు. ఒకప్పుడు మా గూడేల్లోకి జీపు వచ్చిందంటే అది అటవీశాఖదో పోలీసులదో అయి ఉండేది. పిల్లలం ఇళ్లలోకి ఉరికేవాళ్లం. అట్లాంటి పాత ఫోర్ వీల్ జీపు మా ఇంటి ముందు నిలబడితే బాపు దానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. 2023 జూలై వానలు మీకు గుర్తుండే ఉంటాయి. లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. జంపన్నవాగు పొంగి కొండాయిలో మనుషుల్నే కొట్టుకుపోయింది. ఆ తర్వాత మా గూడెం దారిలో వాగు దాటాలంటే బండి ఎత్తు పెంచాలని అందరూ అన్నారు. నేనూ సరేనన్నాను. వరంగల్‌లో ఒక షెడ్డులో ముందు కమాన్ కట్టలకు ఒక్కో పట్టీ ఎక్కువ వేయించాను, షాకిళ్లు పొడుగువి పెట్టించాను, పెద్ద టైర్లు ఎక్కించాను. బండి నాలుగంగుళాలు లేచింది. పిల్లగాళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. స్టీరింగు సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

లూజు మొదలయ్యాక ఒక మెకానిక్ చూడకుండానే టై రాడ్ ఎండ్లు మార్చాడు. తేడా లేదు. ఇంకొకరు స్టీరింగ్ బాక్స్ పోయిందని దాని మీది స్క్రూ బిగించాడు. ఇప్పుడు ప్లే అట్లాగే ఉంది, పైగా మూల తిరిగాక స్టీరింగు దానంతటది వెనక్కి రావడం మానేసింది. బాక్సే మార్చాలన్నాడు. ఆ డబ్బు నా దగ్గర లేదు. లేకపోవడమే మంచిదైంది.

ములుగు రోడ్డులో ఒక ముసలి చాచా ఉన్నాడని ఎవరో చెబితే పోయాను. ఆయన పానా ముట్టుకోలేదు. "గాలి చూసినవా?" అన్నాడు. చూడలేదు. ముందు టైర్లలో ఒకదాంట్లో తక్కువ, ఒకదాంట్లో ఎక్కువ. సమానం చేయించి, ఇంజను ఆపి, చక్రాలు నేల మీదే ఉండగా తాను స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"నేను ఊపుత. నువ్వు కిందికి పో. బండి నీది, చెయ్యి నీదే పెట్టు బేటా."

ఆయన స్టీరింగును అటూ ఇటూ రెండంగుళాలే ఊపాడు. ఎక్కువ తిప్పితే అన్నీ కదులుతాయి, ఏది వదులో తెలియదు. ప్రతి అతుకు మీదా వేలు సగం ఇటు, సగం అటు పెట్టాలి. రెండు భాగాలూ కలిసి కదిలితే అది బాగున్నట్టు. ఒకటి కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే చప్పుడు వినబడకపోయినా వేలికి తెలుస్తుంది. స్టీరింగు కింది కడ్డీ అతుకు గట్టిగానే ఉంది. బాక్సులోకి పోయే కడ్డీ తిరిగిన వెంటనే కింద డ్రాప్ ఆర్మ్ కదులుతోంది, అంటే బాక్స్ లోపల పెద్దగా అరగలేదు. మరి ప్లే ఎక్కడ?

"బాక్సు మీద, చాసిస్ మీద కలిపి చెయ్యి పెట్టు."

పెట్టాను. బాక్స్ మొత్తం కదులుతోంది. బురద గోకి చూస్తే బోల్టు పక్కన చాసిస్ వేలెడంత పగిలి ఉంది. ఊపినప్పుడే నోరు తెరుస్తుంది, ఆపితే మూసుకుంటుంది. కొత్త బాక్స్ కొని ఉంటే ఆ పగులుకే బిగించేవాళ్లం.

తర్వాత జాకీ పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమన్నాడు. కుడి చక్రం ఆడింది. తాను బ్రేకు తొక్కి మళ్లీ ఊపమన్నాడు. బ్రేకుతో ఆట ఆగితే వీల్ బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్. ఆగలేదు. చక్రాన్ని పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్ వైపు లూజు తెలుస్తుంది. అక్కడేం లేదు, కొత్తవే కదా!

నేను చేయించిన ఎత్తు ఏం చేసిందో అప్పుడు చూపించాడు. బాక్సు నుంచి చక్రానికి పోయే రాడ్డు మునుపు దాదాపు అడ్డంగా ఉండేది. బాక్స్ చాసిస్‌తో పాటు లేచింది, ఇరుసు లేవలేదు, రాడ్డు వాలింది. ఇక గుంతలో కమాన్ నొక్కుకున్నప్పుడల్లా రాడ్డే చక్రాన్ని పక్కకు తిప్పుతుంది, మన చేయి ఊరికే ఉన్నా సరే. రెండోది, షాకిల్ పొడుగై ఇరుసు కొంచెం ముందుకు ఒరిగింది. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఎందుకుంటుందో పిల్లలకు చెప్పే సైన్సు సార్లు ఇది గుర్తుపెట్టుకోవాలి: ఆ వాలే చక్రాన్ని తిన్నగా నిలుపుతుంది. వాలు తగ్గితే బండి రోడ్డంతా వెతుక్కుంటుంది. ఇక పెద్ద టైరు రాయికి కొట్టుకున్నప్పుడల్లా ఆ దెబ్బ రాడ్డు గుండా బాక్సుకూ, అక్కణ్నుంచి చాసిస్‌కూ పోయింది.

బాక్స్ దించి, పగులు ఇంకా పాకకుండా దాని చివర చిన్న రంధ్రం వేసి, వెల్డింగు చేసి, పైన ప్లేటు వేశారు. కింగ్ పిన్ బేరింగులు మార్చారు. బాక్స్ స్క్రూ తిరిగి సడలించారు. పాత షాకిళ్లే పెట్టించాను, ఎక్కువ వేసిన పట్టీలు తీయించాను. టైర్ల ఎత్తు మిగిలింది. తమ్ముడికి మనసొప్పలేదు. "గింత కిందికైతే వాగు ఎట్ల దాటుతమే అన్నా?" అన్నాడు. వాగు తగ్గిందాకా ఆగుదామన్నాను. ఆగలేని రాత్రి వస్తే ఏం చేయాలో నా దగ్గర జవాబు లేదు. అది బండితో తీరేది కాదు, వంతెన కావాలి.

వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ చూడమని చాచా చెప్పాడు. జాతరకు ముందు గట్టమ్మ గుడి దగ్గర బండి ఆపినప్పుడు తమ్ముణ్ని స్టీరింగు ఊపమని నేను కిందికి దూరాను. ప్లే ఒక వేలు కూడా లేదు. ఒక బోల్టు మాత్రం పావు చుట్టు సడలింది. బిగించి, చేతులు తుడుచుకుని, కొబ్బరికాయ తెమ్మన్నాను.