ఆ మేడలో చీపురెక్కడుంది?

మా అమ్మ కుట్టుమిషను తిరుమలగిరిలో మా ఇంటి ముందుగదిలో వుంటుంది. దానికెదురుగా టీవీ. మధ్యాహ్నం భోజనాలయ్యాయంటే చాలు... అమ్మ కాలు మిషను మీద, కళ్లు టీవీ మీద! పొద్దున్నే నాట్లకో, పత్తి ఏరడానికో వెళ్లొచ్చిన ఆడవాళ్లు నలుగురు జాకెట్టు గుడ్డలు పట్టుకొచ్చి గడప దగ్గర చతికిలబడతారు. ఆ గంటన్నరసేపూ మాది ఇల్లు కాదండీ, టికెట్టు లేని నేల క్లాసు!

నాకేమో సినిమా పిచ్చి. సీరియల్ అంటే చిన్నచూపు. సూర్యాపేట వెళ్లి కొత్త సినిమా చూసొచ్చిన గర్వంతో అమ్మని ఆటపట్టించేవాణ్ణి.

"ఎవరమ్మా వీళ్లంతా? పట్టుచీరతో పడుకుంటారు, పట్టుచీరతో లేస్తారు. బొట్టు చెదరదు, జడ రేగదు!"

అమ్మ మిషను ఆపకుండానే అనేది: "నాకెర్కలేదా కొడకా? ఆ జాకెట్టు మీద మగ్గం పని చూసినవా? అది ఏసుకొని పండుకుంటే ఒళ్లంత చీరుకపోతది."

చూశారా! నాకంటే పెద్ద విమర్శకురాలు మా అమ్మే. "కార్తీకదీపం" నడుస్తున్న రోజుల్లో ఎంతమంది వచ్చి "మోనిత జాకెట్టు లెక్క కుట్టు వదినా" అని అడిగారో! అందులో ఏ కుట్టు ఎంత ఖరీదో ఆమెకి తెలుసు. అయినా చూస్తుంది. ఎందుకు చూస్తుందన్నదే నాకు చాన్నాళ్లు అంతుపట్టలేదు.

ఒకరోజు గడప దగ్గర కూర్చున్న ఓ పెద్దమ్మ వున్నట్టుండి అడిగింది: "గంత పెద్దింట్ల ఒక్క చీపురన్న కనవడదేంది? గా బండలు ఎవ్వరు తుడుస్తరు?"

అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ రాత్రి పడుకున్నాక ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. నిజమే కదా! ఆ మేడలో చీపురు లేదు. తుడిచే మనిషి కాఫీ ట్రేతో ఓసారి వచ్చి, యజమానురాలి చేత నాలుగు చీవాట్లు తిని మాయమైపోతుంది. చాలాకాలం మా వైపు యాస దక్కిందీ ఆ పనిమనిషికే! హీరోగారికి కంపెనీ వుంటుంది. అందులో ఏం తయారవుతుందో, కూలి ఎవరికి ఎంతిస్తారో దేవుడికెరుక. ఓ సంతకంతో ఆస్తి పోతుంది, ఇంకో సంతకంతో తిరిగొస్తుంది. సంపద వుంది, దాని వెనక చెమట లేదు.

మా ప్రాంతంలో అలా కాదు. ఇక్కడ కలవారి ఇల్లంటే గడీ. ఆ ఇంటికి భూములెలా వచ్చాయో, వెట్టి ఎవరు చేశారో మా ముసలివాళ్లకి కంఠతా వచ్చు. మా వూరి నుంచి జనగామ దారి పడితే దేవరుప్పుల వస్తుంది. విసునూరు, కడవెండి ఆ చుట్టుపక్కలవే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణాలు తీసింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులే. ఆ గడీ బతుకుని బి. నర్సింగరావు తన "దాసి" (1988) సినిమాలో, అక్కడ ఊడిగం చేసే ఆడమనిషి కళ్లతో చూపించారు. అర్చనకి జాతీయ ఉత్తమనటి బహుమతి తెచ్చిన సినిమా అది. మేడ అందులోనూ వుంది. కాకపోతే ఆ మేడని మోసే మనిషి కూడా వుంది!

అయితే పాపమంతా టీవీదేనంటే అన్యాయం. మేడ మీద మోజు మనకి కొత్తా? "ప్రేమ్‌నగర్" (1971) చూడలేదూ? "సెక్రటరీ" (1976) చూడలేదూ? మొదటిది కోడూరి కౌసల్యాదేవి నవల, రెండోది యద్దనపూడి సులోచనారాణి నవల. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆడవాళ్లు చదువుకున్న ఆ మేడలే తెర మీదికి వచ్చాయి. ఆ తర్వాత ఏకంగా ముందుగదిలోకే దిగబడ్డాయి. అసలు అమెరికాలో ఇలాంటి కథలకి "సోప్" అన్న పేరు రావడానికి కారణమే సబ్బు! 1930లలో అక్కడి రేడియోలో గృహిణుల కోసం వచ్చే పగటి కథలకి డబ్బు పెట్టింది సబ్బుల కంపెనీలు. మరి సరుకు అమ్మేవాడికి మెరిసే ఇల్లే కావాలి కదండీ!

మన దూరదర్శన్‌లో 1984లో మొదలైన "హమ్ లోగ్" మాత్రం ఓ మధ్యతరగతి ఇంటి కథ. ఆ ఇంటి ఇబ్బందులు తమవేననుకుని దేశమంతా చూసింది. అంతదాకా ఎందుకు, "కార్తీకదీపం"లో ప్రేమి విశ్వనాథ్ వేసిన దీపనే తీసుకోండి. జనం ఆమెని ఏమని పిలిచారు? వంటలక్క! చేసిన పని పేరుతోనే పిలిచారు. పని కనిపించిన పాత్రని జనం గుండెల్లో పెట్టుకున్నారు.

సరే, అసలు సంగతికొస్తాను. 2023 జనవరిలో "బ్రహ్మముడి" మొదలైంది. అందులో కనకం అనే తల్లి, కూతుర్ని కలవారింటికి ఇవ్వాలన్న ఆశతో, తామూ డబ్బున్నవాళ్లమేనని నాటకమాడుతుంది. ఓ మధ్యాహ్నం ఆ నాటకం నడుస్తుండగా మా అమ్మ మిషను ఆగిపోయింది. చూద్దునుగదా... అమ్మ కళ్లనిండా నీళ్లు!

నాకప్పుడు గుర్తొచ్చింది. మా అక్క పెళ్లిచూపులనాడు పక్కింటి సోఫా మా ఇంటికొచ్చింది. ఎదురింటి పింగాణీ కప్పులొచ్చాయి. మిషను వెనకగదిలోకి పోయింది, దాని మీద దుప్పటి. "మా అమ్మ కుడతదా?" అని వాళ్లడిగితే, "ఏదో పొద్దుపోక" అన్నది నేనే! పెళ్లయ్యాక నిజం తెలిసింది. రెండేళ్లపాటు మా అక్క ఆ ఇంట్లో "మిషనోళ్ల పిల్ల" అనిపించుకుంది. మమ్మల్ని సాకిన మిషను మా అక్కకి తిట్టయింది.

"అంతా కల్పితమమ్మా, ఆ ఇల్లే అబద్ధం" అన్నాను, ఓదార్చడం చేతగాక.

"ఇల్లు అబద్ధమే కొడకా. ఆ తల దించుకునుడు మాత్రం నిజం" అంది అమ్మ.

అంతే, నా నోరు పడిపోయింది. ఆమె చూస్తున్నది మేడని కాదు. ఆ గుమ్మంలో నిలబడ్డ పేదింటి తల్లిని!

అప్పటి నుంచి నేను సీరియల్‌ని వెక్కిరించడం మానేశాను. కానీ రాసేవాళ్లకి ఒక్క మనవి. కన్నీళ్లు నిజంవే చూపిస్తున్నారు. ఆ చేత్తోనే చీపురు కూడా చూపించండి. ఎవరి చెమటతో ఆ బండలు మెరుస్తున్నాయో తెలిస్తే, తల ఎవరు దించుకోవాలో కూడా తెలుస్తుంది.

మొన్న మా చెల్లెల్ని చూడడానికి వచ్చారు. అమ్మ మిషను కదపలేదు, దుప్పటి కప్పలేదు. పిల్లవాడి తల్లి దాన్నే కాసేపు చూసి, "నా జాకెట్టు చేతులు కొద్దిగ వదులు చేస్తరా?" అని అడిగింది. సంబంధం సంగతంటారా? ఇంకా కబురు రాలేదు. సీరియల్ భాషలో చెప్పాలంటే... సశేషం!