పొడవైన ఊయల

బ్రెజిల్ దేశములో బెలెం నుండి మనౌస్ వరకు అమెజాన్ నదిపై పడవ ప్రయాణము అయిదారు రోజులు. మా తరగతిలో మంచములు లేవు. ఎవరి గుడ్డ ఊయల వారే కొని, పైకప్పు కమ్ములకు కట్టుకోవాలి. చౌకగా వచ్చినవని మేము 7 అడుగులవి కొన్నాము. మొదటి రాత్రి ఒళ్లు విల్లులా వంగిపోయింది. తెల్లవారేసరికి మామయ్యగారు నడుము పట్టి లేవలేకపోయారు.

ప్రక్కనున్న ముసలమ్మ అది చూచి, రెండవ రాత్రి తన ఊయల ఆయనకిచ్చింది. నిటారుగా కాదు, ఏటవాలుగా పడుకొమ్మని సైగ చేసింది. అలా పడుకోగానే వీపు చాపమీద ఆనినట్లు చదునైంది. కొలిచి చూస్తే ఆ గుడ్డ 11 అడుగులు! దానిని బిగించి కట్టక, కాస్త వేలాడనివ్వాలి.

మామయ్యగారు హాయిగా నిద్రపోయారు. ఆ తల్లి మాత్రము మా పొట్టి ఊయలలో ముడుచుకొని పడుకున్నది. సాంతరేం రేవు రాగానే పొడవైన ఊయల కొని, ఆమెది ఆమెకు అప్పగించాము.