తిరువూరు మిలటరీ మేస్త్రీ షెడ్డులో

విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి మైలవరం దాటి, మామిడితోటల మధ్య నుంచి తిరువూరు చేరుతుంది. విజయవాడకు 70 కిలోమీటర్ల పైచిలుకు. ఊరు దాటి కాస్త ముందుకు పోతే తెలంగాణ. సత్తుపల్లి బొగ్గు, సారపాక కాగితం, ఎండాకాలం వస్తే మామిడికాయలు, అన్నీ ఈ దారినే లారీల మీద పోతాయి. అందుకే ఇక్కడ మెకానిక్ షెడ్డుకు పని కరువుండదు.

నేను వెళ్లింది రోడ్డువార ఉన్న ఒక రేకుల షెడ్డుకు. దాన్ని నిలబెట్టిన పెద్దాయన కిందటేడు పోయారు. సైన్యంలో పదిహేడేళ్లు చేసి, 1983లో ఇంటికొచ్చి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ఈ షెడ్డులోనే గడిపారు. ఊరంతా ఆయన్ని మిలటరీ మేస్త్రీ అనే పిలిచింది. ఇంటివాళ్లు వద్దన్నారు కాబట్టి పేరు రాయడం లేదు. సంవత్సరీకం అయిన మర్నాడు, "నాన్న గురించి నాలుగు మాటలు రాయాలన్నా" అని ఆయన కొడుకు ఫోన్ చేస్తే వెళ్లాను.

లోపల అడుగుపెట్టగానే కనబడేది గోడకు బిగించిన వెడల్పాటి చెక్క. దాని మీద ప్రతి పానా, ప్రతి స్క్రూడ్రైవరు, ప్రతి సుత్తి ఆకారం తెల్లరంగుతో గీసి ఉంది. ఏ పనిముట్టు గీతలో ఆ పనిముట్టే వేలాడాలి. సాయంత్రం షెడ్డు కట్టేసే ముందు ఒక్క గీత ఖాళీగా కనిపించినా అది దొరికేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. ఇంజను మీద మరిచిపోయిన పానా ఫ్యానులో పడితే రేడియేటరు పోతుంది, బండి మధ్యదారిలో ఆగుతుంది. పట్టాళం నుంచి తెచ్చిన ఈ పద్ధతిని కొడుకు ఇప్పటికీ తప్పలేదు. గచ్చు మీద నూనె మరక లేదు. మెకానిక్ షెడ్డు ఇంత శుభ్రంగా ఉండగా నేనెక్కడా చూడలేదు.

ఆయన చేరింది ఈఎంఈలో. సైన్యం బండ్లు, తుపాకులు, రాడార్లు బాగుచేసే విభాగం అది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో పుట్టింది. ఏటా అక్టోబరు 15న తన దినోత్సవం జరుపుకుంటుంది. సికింద్రాబాద్‌లో దాని శిక్షణ కేంద్రం ఉంది కాబట్టి మన కుర్రాళ్లకు కొత్తది కాదు. ఈఎంఈలో సిపాయి హోదావాణ్ని క్రాఫ్ట్స్‌మన్ అంటారు. తుపాకీ పట్టడం వచ్చినా రోజువారీ పని చేతిలో పానాతోనే.

1971 డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగుబాటుతో ముగిసింది. ఆ రోజుల్లో ఆయన తూర్పు సరిహద్దులో ఉన్నారు. యుద్ధం గురించి పిల్లలు ఎంత అడిగినా ఆయన బండ్ల గురించే చెప్పేవారట. శక్తిమాన్ అనే లారీ ఉండేది. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ నమూనాతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైంది. బెంగాల్ నేలంతా నదులు, బురద. చక్రం సగానికి దిగబడిన శక్తిమాన్‌ను చీకట్లో దీపం వెలిగించకుండా, వైరుతాడు కట్టి లాగి, తెల్లారేలోగా మళ్లీ నడిచేలా చెయ్యాలి. వెనక బండ్లు ఆగిపోతే ముందున్నవాళ్లకు తిండీ గుళ్లూ అందవు. "ముందున్నోళ్ల ప్రాణం మన నట్టు మీద ఉంటుందిరా అనేవారు నాన్న" అన్నాడు కొడుకు. యుద్ధం సంగతి ఆయన నోట ఇంతకు మించి ఎవరూ వినలేదు.

ఆ నట్టు పట్టింపు షెడ్డులో చివరిదాకా సాగింది. లారీ చక్రం బిగించేటప్పుడు పక్కపక్క నట్లు వరసగా బిగించనిచ్చేవారు కాదు. ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది, ఆ తర్వాత అడ్డంగా ఉన్నది. అలా అయితేనే చక్రం హబ్బు మీద సమంగా కూర్చుంటుంది. కొత్తగా బిగించిన నట్లు లోడుతో కొంతదూరం పోయాక కాస్త సడలుతాయి. అందుకని భద్రాచలం వైపు పోయే డ్రైవర్లకు దారిలో టీ తాగేటప్పుడు రించీ వేసి చూసుకోమని చెప్పి పంపేవారు. తిరుగుదారిలో ఆగినవాణ్ని డబ్బుల కన్నా ముందు "నట్లు చూశావా?" అని అడిగేవారు. ఆ మాట నాకు ఒక ముసలి డ్రైవరు చెప్పాడు. చెబుతుంటే కళ్లు తుడుచుకున్నాడు.

షెడ్డు పెట్టడం వెనక కథ ఆయన భార్య చెప్పింది. అప్పట్లో జవానుకు ఏడాదికి అరవై రోజుల సెలవు, పైన కొద్దిరోజుల క్యాజువల్ సెలవు. మిగతా ఏడాదంతా 99 ఏపీవో అనే సైనిక తపాలా చిరునామాతో వచ్చే ఇన్‌లాండ్ ఉత్తరాలే. "పెద్దపిల్ల మాటలు నేర్చిన సంగతి ఉత్తరంలో రాశాను బాబూ. ఆయనొచ్చేసరికి అది పరిగెడుతోంది. కొత్తమనిషని ఏడ్చి నా కొంగు పట్టుకుంది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు." పెన్షన్ వచ్చాక హైదరాబాద్‌లో బ్యాంకు గార్డు ఉద్యోగం చూపించారట. విజయవాడ ఆటోనగర్‌లో మంచి జీతానికి పిలిచారట. రెండూ వద్దని, నడిచి పోయేంత దూరంలో ఈ స్థలం అద్దెకు తీసుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి, సాయంత్రం పిల్లల పుస్తకాలు చూడాలి. అంతకు మించి ఏమీ కోరుకోలేదు.

తండ్రిని చూసి ఏడ్చిన ఆ పెద్దపిల్లే తర్వాత స్కూలు వదలగానే షెడ్డుకు వచ్చేది. డీజిల్ అయిపోయి ఆగిన లారీకి మళ్లీ డీజిల్ పోసినా వెంటనే స్టార్టవదు, గొట్టాల్లో గాలి చేరుతుంది. బోల్టు వదులు చేసి, చేతిపంపు కొడుతూ నురగ ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా చూడాలి. ఆ పని ఆయన కూతురికి పదేళ్లకే నేర్పారు. ఆడపిల్లకు ఈ మసి ఎందుకని బంధువులు అన్నారు. ఆయన విజయవాడ పాలిటెక్నిక్‌లో మెకానికల్‌లో చేర్పించి వచ్చారు. ఇప్పుడామె అదే సబ్జెక్టు చెప్పే లెక్చరరు. తమ్ముడు షెడ్డు చూసుకుంటాడు. ఇక్కడ పని నేర్చిన కుర్రాళ్లు విస్సన్నపేటలో, కల్లూరులో సొంత షెడ్లు పెట్టుకున్నారు. సంవత్సరీకానికి వాళ్లంతా వచ్చి వెళ్లారట.

సైనికుల గౌరవం అనగానే గుర్తొచ్చే ఊరు పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. మిలటరీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండో యుద్ధానికి వెయ్యికి పైగా మందిని పంపిన ఊరది. అక్కడ స్మారకస్తంభం ఉంది. యుద్ధాల్లో పాల్గొన్నవాళ్ల గౌరవం రాతి మీద నిలిచింది. ఆ గౌరవం న్యాయమైనదే. అయితే సైనికుడి జీవితం పట్టాళంతో అయిపోదు. పదిహేనేళ్లకు పెన్షన్ తీసుకుని నలభైలోపే ఇల్లు చేరిన మనిషికి ఇంకో సగం జీవితం మిగిలి ఉంటుంది. ఆ సగం ఇలాంటి షెడ్లలో, రైసుమిల్లుల్లో, కరెంటు మోటార్ల దగ్గర గడుస్తుంది. దేశం ఖర్చుతో నేర్చిన విద్య ఊరికి తిరిగి వచ్చేది అక్కడే. దాన్ని ఎవరూ రాసి పెట్టడం లేదు. మన జిల్లా చరిత్రల్లో దీనికి చోటివ్వకపోవడం తప్పని నా గట్టి అభిప్రాయం.

నేను వచ్చేముందు మేస్త్రీ భార్య ఒక ట్రంకుపెట్టె తెరిపించింది. అందులో డిశ్చార్జ్ బుక్కు, ఉత్తరాల కట్ట, 1971 పతకం. డిశ్చార్జ్ బుక్కులో భార్య పేరు పెళ్లినాటి పిలుపుపేరు, ఆధార్‌లో ఉన్నది అసలు పేరు. ఈ ఒక్క తేడా వల్ల ఫ్యామిలీ పెన్షన్ నెలల తరబడి ఆగింది. కొడుకు తిరిగి తిరిగి సరిచేయించాడు. ఆయన బతికుండగా ఒక దరఖాస్తు పెట్టుకుంటే తీరిపోయే పని.

కాబట్టి మీ ఇంట్లో మాజీ సైనికుడుంటే ఈ వారమే ఆయన డిశ్చార్జ్ బుక్కు, పెన్షన్ కాగితం తీసి చూడండి. భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో సరిచూడండి. తేడా ఉంటే ఆయన సంతకంతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. పనిలో పనిగా ఆయన ఏ యూనిట్‌లో ఏం చేశారో, ఇంటికొచ్చాక ఎవరికి ఏ పని నేర్పారో అడిగి ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.