తాత చుట్ట, నా సిగారు



మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, హాస్టల్ సీట్లు, పోడు పట్టాల గురించే రాసుకుంటాం. ఈసారి వేరే సంగతి రాస్తున్నాను. సిగార్ల గురించి. పొడుగు పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి. ముందే ఒక మాట చెప్పాలి. ఇది చదివి ఎవరూ కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు. ఎందుకు వద్దో కూడా కిందనే రాశాను. పద్దెనిమిదేళ్ళు నిండని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పొగాకు అమ్మడమే నేరం, అది గుర్తుపెట్టుకోండి.

నేను భద్రాద్రి జిల్లా కోయ పిల్లగాణ్ణి. నాలుగేళ్ళుగా చైతన్యపురిలో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. సాయంత్రాలు స్కూలు పిల్లలకు లెక్కలు చెప్తాను, రూమ్ కిరాయి అందులోంచే వెళ్తుంది. నా రూమ్మేట్ దేవరకొండ వైపు తండా అన్న. వాళ్ళ బావ గల్ఫ్ నుంచి వస్తూ నాలుగు సిగార్లు తెచ్చిచ్చాడు. అట్లా మొదలైంది మాకు ఈ సరదా. ఇప్పుడు రెండు మూడు నెలలకు ఒకసారి ఇద్దరం పైసలు కలిపి ఒకటి కొంటాం. ఒక్క సిగారు ధరకు మెస్సులో వారం రోజులు తినొచ్చు, అందుకే చెరి సగం. డాబా మీద కూర్చుని కాలుస్తాం. కింద మెయిన్ రోడ్డు, మెట్రో రైలు పోతూ ఉంటుంది. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. ఏ దేశం ఆకు, పొగ సులువుగా వచ్చిందా, బూడిద ఎట్లా ఉంది, రుచి ఎక్కడ మారింది, అన్నీ రాసుకుంటాను.

తెలియనోళ్ళ కోసం సిగారు సంగతి కొంచెం చెప్తాను. సిగరెట్‌లో కాగితం ఉంటుంది. సిగారు మొత్తం ఆకే. లోపల ఉండే ఆకును ఫిల్లర్ అంటారు. దాన్ని పట్టి ఉంచే ఆకు బైండర్. పైన చుట్టే నున్నటి ఆకు రాపర్. మంచి సిగారులో లోపలి ఆకు ముక్కలు ముక్కలుగా కాకుండా నిలువునా పొడుగ్గా ఉంటుంది, అందుకే నిదానంగా కాలుతుంది, బూడిద ఒక అంగుళం దాకా రాలకుండా నిలుస్తుంది. పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు. నోట్లో తిప్పి వదులుతారు, కొంచెం ముక్కులోంచి పంపిస్తారు. రుచి ఎక్కువగా ముక్కుకే తెలుస్తుంది. మొదటి భాగం ఒక రకంగా, మధ్య భాగం ఇంకో రకంగా, చివర ఘాటుగా ఉంటుంది. నా నోట్‌బుక్కులో డొమినికన్ రిపబ్లిక్ ఆకుకు ఎండుగడ్డి, జీడిపప్పు అని రాసి ఉంది. నికరాగ్వా ఆకుకు మిరియాలు, తడి మట్టి. నల్లగా ఉండే మదురో రాపర్‌కు కాఫీ, మాడిన బెల్లం. ఇవేవీ అందులో కలిపినవి కావు, ఆకును ఆరబెట్టి మాగబెట్టిన తీరులోంచి వచ్చేవే.

ఆ మాగబెట్టడం దగ్గరే నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆకును కుప్పగా పేరుస్తారు. లోపల వేడి పుడుతుంది, ముక్కు మండించే ఘాటు వాసన బయటికి పోతుంది, రంగు ముదురుతుంది. వేడి ఎక్కువైతే ఆకు పాడవుతుంది కాబట్టి కుప్పను తిరగేస్తూ ఉండాలి. క్యూబాలో చేసేదీ ఇదే, మన గోదావరి లంకల్లో చేసేదీ ఇదే. గోదావరి మధ్యలో, ఏటా వరద ఒండ్రు వేసి పోయే లంక భూముల్లో పండే పొగాకునే లంక పొగాకు అంటారు. మందంగా ఉంటుంది, చుట్టలకే వాడతారు. మా తాత సంతలో కొనేది ఆ ఆకే. కాడ కొసన పట్టుకుని చూస్తాడు. చెవి దగ్గర పెట్టి నలుపుతాడు. గలగలమంటే మరీ ఎండిపోయిందని పక్కన పెడతాడు. నలిపి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి, అప్పుడే తీసుకుంటాడు. కాల్చాక బూడిద చూస్తాడు, తెల్లగా నిలిస్తే మంచి ఆకు, నల్లగా రాలితే పచ్చిది. సిగారు గురించి చెప్పే వీడియోల్లో వేళ్ళతో నొక్కి చెవి దగ్గర పెట్టుకుని చూడమన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది మా తాత ఏ వీడియో చూసి నేర్చుకున్నాడు?

పోయిన ఏడాది రాజమండ్రి వెళ్ళినప్పుడు ఒక కట్ట లంక చుట్టలు తెచ్చి, సిగారు చూసినట్టే పద్ధతిగా చూశాను. సిగారుకు ఒక కొస మూసి ఉంటుంది, కోసుకోవాలి. చుట్టకు రెండు కొసలూ తెరిచే ఉంటాయి. ఒక్కో చుట్ట ఒక్కో లావు, కొన్నిటికి పొగ సరిగ్గా రాదు, ఒక పక్కే కాలుతుంది. ఘాటు మాత్రం నేను కాల్చిన ఏ సిగారుకూ లేదు. రెండు దమ్ములకే కళ్ళలో నీళ్ళు. కానీ ఘాటు తగ్గాక, మధ్యలో, వాన పడ్డ మట్టి వాసన, కాల్చిన చింతగింజ వాసన వచ్చాయి. నోట్‌బుక్కులో ఆ రోజు రాసింది ఇది: పనితనంలో సిగారు పైన, ఆకులో తేడా లేదు.

చరిత్ర చూస్తే ఇంకా విచిత్రం. ఇంగ్లీషులో చిరూట్ అనే మాట తమిళం సురుట్టు నుంచి పోయింది, మన చుట్టకు అది చుట్టమే. 1887లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ మొదటి నవలలో హంతకుడు కాల్చింది తిరుచిరాపల్లి చుట్ట అని హోమ్స్ బూడిద చూసే చెప్తాడు. మన గిరీశం సంగతి తెలిసిందే, కన్యాశుల్కంలో ఆయన చేతిలో చుట్ట లేకుండా ఊహించుకోలేం. అసలు సిగారు ఎవరిది? 1492లో కొలంబస్ మనుషులు క్యూబాలో దిగినప్పుడు, ఆకును చుట్టి కాలుస్తున్న తైనో ఆదివాసీలను చూశారు. యూరప్ వాళ్ళకు ఈ అలవాటు అక్కడి నుంచే తెలిసింది. తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే ఆ తైనోలు రోగాలతో, వెట్టి చాకిరీతో దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. ఆకు మిగిలింది, పేరు మిగిలింది, వ్యాపారం పెరిగింది. పొగాకు మన దేశానికి పోర్చుగీసు వాళ్ళతో వచ్చి నాలుగు వందల ఏళ్ళు దాటింది అంతే. అందుకే చుట్ట మన అనాది సంప్రదాయం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పొగాకు మన అడవి చెట్టు కాదు.

మన అడవి చెట్టు తునికి. బీడీకి పైన చుట్టేది ఆ ఆకే. సిగారు భాషలో చెప్పాలంటే మనం రాపర్ పంపేవాళ్ళం. ఎండాకాలం మొదట్లో కొమ్మలు కొడతారు, కొత్త చిగురు వస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో కోత. ఈ గ్రూపులో సగం మంది చేతులకు ఆ జిగురు తెలుసు. చీకటితో లేచి, ఎలుగుబంటి ఉందేమో చూసుకుంటూ, ఎండ ముదరకముందే తెంపుకొచ్చి, ఇంట్లో అందరం కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లం దగ్గర కల్లేదారుకు లెక్క చెప్పడం. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగ్. మా ఇంట్లో ఆ పైసలతోనే స్కూలు తెరిచేసరికి పుస్తకాలు వచ్చేవి. ఎర్రటి లేత ఆకు పనికిరాదు, ముదిరిన గరుకు ఆకు చుడితే విరుగుతుంది, మచ్చ పడితే తీసేస్తారు. ఏడేళ్ళ పిల్ల కూడా చూడగానే చెప్పేస్తుంది. క్యూబాలో రాపర్ ఆకులు ఏరే ఆడవాళ్ళ పని గురించి పుస్తకాలు రాస్తారు, ఫోటోలు తీస్తారు. మన అమ్మలు చేసేదాన్ని కూలి అంటారు.

ఇక్కడే నాకు కడుపు మండిన సంగతి ఒకటి. రెండేళ్ళ కింద తాత కంటి పరీక్షకు పట్నం వచ్చి, అప్పుడు నేను ఉంటున్న హాస్టల్‌లో రెండు రోజులున్నాడు. వరండాలో చుట్ట వెలిగించాడు. ఆపమని చెప్పడం సరైనదే, అది అందరూ ఉండే చోటు, చట్టం కూడా ఒప్పుకోదు. కానీ అక్కడి పెద్దమనిషి అన్న మాట, "ఇదేమన్నా మీ అడవా?" అని. అదే మనిషి ఆఫీసు గదిలో ఖరీదైన సిగారు పెట్టె అద్దాల బీరువాలో చూపించుకునేవాడు. తాత ఏమీ అనలేదు. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. నాకు అర్థమైంది ఏమిటంటే, మట్టి వాసన, కట్టె వాసన అని ఇంగ్లీషులో అంటే దాన్ని అభిరుచి అంటారు. అదే వాసన మన ఒంటి మీద ఉంటే వెనకబాటు అంటారు.

ఇంతవరకు చదివి, అయితే చుట్టను గర్వంగా కాల్చాలి అనుకోకండి. గౌరవం దక్కాల్సింది ఆకు తెలిసిన చేతికి, పొగకు కాదు. సిగరెట్ పొగ కంటే సిగారు, చుట్ట పొగకు క్షార గుణం ఎక్కువ. అందుకే లోపలికి పీల్చకపోయినా నికోటిన్ నోటి చర్మంలోంచే రక్తంలోకి పోతుంది. పీల్చడం లేదు కదా అనే ధైర్యం పనికిరాదు. నోటి, గొంతు క్యాన్సర్లు వాళ్ళకూ వస్తాయి. బీడీలో పొగాకు కొంచెమే, కానీ తునికాకులోంచి గాలి దూరదు, ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ లాగాలి, కాబట్టి విషం తక్కువేమీ పోదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట అలవాటు ఉంది, ఎక్కువగా ఆడవాళ్ళకు. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి దశాబ్దాలుగా వైద్యులు రాస్తున్నారు. నా నాలుకకు మూడు పొగలూ వేరు వేరు. ఒంటికి మూడూ ఒకటే.

ఈ ఏడాది సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు తాత బుగ్గ లోపల తెల్లటి మచ్చ కనిపించింది. గోకితే పోలేదు. ఖమ్మం తీసుకుపోయి చూపించాం, చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్ కాదు, కానీ ఆపకపోతే అటే పోతుంది అన్నారు. తాత మానేశాడని చెప్పను. రోజుకు ఆరు నుంచి ఒకటికి వచ్చాడు. మీ ఇళ్ళల్లో కూడా పెద్దవాళ్ళ నోరు ఒకసారి వెలుతురులో చూడండి. రెండు వారాలైనా మానని పుండు, తెలుపు లేదా ఎరుపు మచ్చ, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం, ఏది ఉన్నా ఆలస్యం చెయ్యొద్దు. మానాలనుకునేవాళ్ళకు 1800-11-2356 కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు.

ఇక హక్కుల సంగతి. 1971లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి బీడీ ఆకు వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుంది. 1996 పెసా చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభకు ఉండాలంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తుల్లో తునికాకును పేరు పెట్టి చెప్పింది. యాజమాన్యం అంటే అమ్ముకునే హక్కు ఒక్కటే కాదు, వద్దనే హక్కు కూడా. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో పాచ్‌గావ్ అనే గోండు ఊరు సామూహిక హక్కులు వచ్చాక తునికాకు కోతే ఆపేసింది. కొమ్మలు నరికితే అడవి పాడవుతుంది, పైగా ఆకు పోయేది పొగలోకే అని గ్రామసభలో కూర్చుని తేల్చుకున్నారు. అది అందరూ చెయ్యగలిగింది కాదు. మా ఊళ్ళో ఎండాకాలం ఆ పైసలు లేకపోతే చాలా ఇళ్ళు గడవవు. కానీ ఆ మాట ఒక ఊరు తనకు తానుగా అనగలిగింది, నాకు అదే పెద్ద సంగతి.

నా నోట్‌బుక్ ఇంకా నడుస్తోంది. సిగార్ల పేజీలు తగ్గి, తాత చెప్పిన మాటల పేజీలు పెరిగాయి. ఆకు ఎండినదాన్ని ఏమంటారు, మాగినదాన్ని ఏమంటారు, తునికిలో మంచి ఆకుకు మన కోయ భాషలో పేరేమిటి, ఇవన్నీ రాస్తున్నాను. ఎండాకాలం సెలవుల్లో ఇళ్ళకు పోతారు కదా. మీ తండాలో, గూడెంలో, పెంటలో పెద్దవాళ్ళను అడిగి మీ మాటలు మీరు రాసుకు రండి. గోండి, కోయ, గోర్ బోలి, చెంచు, ఏదైనా సరే. అందరివీ ఒక చోట పెడదాం. పొగ పోయినా ఆ మాటలు మనకు మిగలాలి.